ఈశాన్యం వాటం

మొన్న మీరు పంపిన ఫోటో చూశాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి. స్టీరింగు వెనక నల్లపలక మీద పసుప్పచ్చ లైటు. అందులో చిన్న కారు బొమ్మ, దాని వెనక పాము పాకినట్టు రెండు వంకర గీతలు.

"గుంటలో పడితే షాకబ్జార్లు మార్పించాం అమ్మమ్మా, చక్రాలు ఎలైన్‌మెంటు చేయించాం. అప్పట్నుంచీ ఇది ఆరట్లేదు. రేపు మెకానిక్ ఇంటికే వచ్చి కంప్యూటరు పెట్టి ఆర్పేస్తాడంట" అని పెద్దది చెప్పింది.

"ఎక్కడ నిలబెట్టి ఆర్పుతాడే?" అని అడిగాను.

"సెల్లారులోకి దిగే చోట. అక్కడైతే నీడగా ఉంటుంది" అంది.

దిగే చోట! నేను వద్దంటే మీరిద్దరూ పుణెలో కూర్చుని పడీపడీ నవ్వారు. అమ్మమ్మకి కార్ల గురించి ఏం తెలుసని చిన్నవాడి వేళాకోళం. నిజమేరా నాన్నా, నాకు కార్లు తెలియవు. ఒక మనిషి తెలుసు.

ఆయన పేరు మా ఊళ్ళో ఎవరూ వాడలేదు కనక నేనూ వాడను. దారం సాయిబు అనేవాళ్ళు. చిలకలూరిపేట నుంచి మా ఊరొచ్చే దారిలో, మన జిన్నింగు మిల్లు గోడ పక్కన రేకుల షెడ్డు ఆయనది. షెడ్డు ఆయనది, స్థలం మనది. లారీలకీ ట్రాక్టర్లకీ జీపులకీ చక్రాలు తిన్నగా ఉన్నాయో లేదో చూడటం ఆయన పని. పేటలో కంప్యూటరుతో ఎలైన్‌మెంటు చేసే షాపులొచ్చాక కూడా ఆయన దారంతోనే చూసేవాడు. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా బండికి రెండు పక్కలా నైలాన్ దారం బిగించి కట్టేవాడు. గొంతుక్కూర్చుని, ఎడమ కన్ను మూసి, దారానికీ చక్రానికీ మధ్య సందు ఎంతుందో స్కేలు పెట్టి చూసేవాడు. మిగిలిన దారం ముక్క నోట్లో ఉండేది. అందుకని ఆయన మాటలన్నీ పళ్ళ మధ్య నుంచే వచ్చేవి.

ఆ ఎడమ కన్ను మూయడం పనితో ఆగేది కాదు. గుమ్మాలు, కరెంటు స్తంభాలు, పెళ్ళిపందిరి రాటలు, దేన్ని చూసినా కన్ను మూతపడేది. ఊళ్ళో కొత్త నీళ్ళ ట్యాంకు కట్టి ప్రారంభోత్సవం చేసిన రోజున, నాయకుడు మైకు ముందు అభివృద్ధి గురించి చెబుతుంటే, జనం వెనక నిలబడి ఈయన కన్ను మూశాడు.

"ఏంటి సాయిబూ, వంకర పోయిందా?" అని ఎవరో అడిగారు.

"రెండంగుళాలు మన వైపు ఒంగిందండి. ఎలక్షన్లు గదా, ఒంగుద్ది. అయిపోయినాక అదే అటు తిరుగుద్ది" అన్నాడు.

టైరు అరిగిన తీరు చూసి మనిషిని చెప్పేవాడు. ఒక మిరపకాయల లారీ డ్రైవరుతో, "నువ్వు ఎడం పక్క బ్రేకు మీద బతుకుతన్నావయ్యా. ఎవరి మీద కోపం?" అన్నాడట. ఆ డ్రైవరు నిజంగానే అత్తారింట్లో గొడవ పడి వచ్చాడు. ఇక ఆ దారిన పోయే ప్రతివాడూ టైరు చూపించి జాతకం అడగడం మొదలెట్టాడు. "జాతకాలు చెప్పేది పెద్దింట్లో సిద్ధాంతి గారండి, నేను చెప్పేది అరుగుదల" అనేవాడు. పెద్దిల్లంటే మనదే.

మీ తాతయ్య పోయిన పదకొండో రోజు తర్వాత పలకరించడానికి వచ్చాడు. టీ ఇచ్చాను. గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. చూస్తే ఎడమ కన్ను మూతపడి ఉంది. గోడ మీద మీ తాతయ్య ఫోటో ఓ పక్కకి ఒరిగింది.

"ఏమనుకోకండమ్మా" అని లేచి, దండ కదలకుండా పటాన్ని బొటనవేలితో కొంచెం జరిపాడు. వెనక్కి వచ్చి చూసుకున్నాడు. "ఆయన ఎప్పుడూ తిన్నగా నిలబడేవారు. ఇట్టా ఒరిగి ఉంటే చూళ్ళేకపోయాను" అన్నాడు. అప్పుడు తాగాడు టీ.

మీ తాతయ్య పోయాక ఇంట్లో పెద్ద మాట నా మరిదిది, అంటే మీ చిన్న తాతయ్యది. మంచివాడే, కాదనను. కాకపోతే మిల్లులో పత్తి బేళ్ళ మీద కంటే వాస్తు మీద ఎక్కువ నమ్మకం. వాస్తు సిద్ధాంతి ఒకాయన నెలకోసారి వచ్చేవాడు. ఆయన వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఏదో ఒకటి చోటు మారేది. వీధి గేటు మూడు దిక్కులు చూసింది. పెరట్లో మరుగుదొడ్డి ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ పూర్తి చేసింది.

ఆ సిద్ధాంతే ఒకసారి, "ఈశాన్యం పల్లంగా ఉండాలి. నీరు ఈశాన్యానికి పోవాలి" అన్నాడు. అది అందరూ అనే మాటే. తాపీ పనివాళ్ళు నీళ్ళు పారడానికి నేలకి కొంచెం వాటం ఇస్తారు కదా, అలా ఇస్తే సరిపోయేది. కానీ మీ చిన్న తాతయ్య ఏదీ కొంచెం చేసే మనిషి కాదు. సిద్ధాంతి బెత్తెడు అంటే ఈయన జానెడు. కారు పెట్టుకునే పోర్టికో, ముందు వరండా అంతా తవ్వించి, ఈశాన్యానికి వాటం ఇచ్చి, పైన తెల్ల మార్బులు పరిపించాడు. అది అద్దంలా మెరిసేది. ఆ మెరుపులో వాటం కంటికి ఆనేది కాదు. చేతికి మాత్రం తెలిసేది, ముఖ్యంగా ఆడవాళ్ళ చేతికి. గ్లాసు జారితే వంగి తీయక్కర్లేదు, ఈశాన్యం మూల తులసి కుండీ దగ్గరికి వెళ్ళి వెతుక్కుంటే దొరికేది. నేనూ పనిమనిషీ ఈ సంగతి ఎప్పుడూ పైకి అనుకోలేదు. అనుకుంటే అపశకునం.

ఇక కారు సంగతి. రెండు వేల ఏడో ఎనిమిదో అయ్యుంటుంది. మీ చిన్న తాతయ్య మద్రాసు నుంచి పెద్ద విదేశీ బండి తెచ్చాడు. ఏనుగంత ఉంది. వచ్చిన రోజున నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి గొప్పలు చెప్పాడు.

"ఇది జారబోతే దానంతట అదే బ్రేకు ఏసుకుని నిలబడుద్ది వదినా."

"మనం వెయ్యకుండానే?"

"మనం ఎయ్యకుండానే. ఏ చక్రానికి ఎంత ఎయ్యాలో దానికి తెలుసు."

"మరి మన మాట వినదా?"

"మనకంటే దానికే ఎక్కువ తెలుసు" అన్నాడు మురిసిపోతూ. తనకంటే ఎక్కువ తెలిసినవాణ్ణి మా మరిది ఇంట్లో ఒప్పుకోవడం అదే మొదటిసారి.

అంత తెలిసిన బండి కూడా మా ఊరి రోడ్డు ముందు ఏం చేస్తుంది? మిరపకాయల సీజనులో ట్రాక్టర్లు తిరిగి తిరిగి మోకాల్లోతు గుంటలు పడ్డాయి. ఒక గుంటలో దిగి, ముందు చక్రాన్ని పట్టుకునే ఇనుప చెయ్యి వంగిపోయింది. షోరూము చూస్తే హైదరాబాదులో. సామాను తెప్పించి దారం సాయిబు చేతే బిగించారు. ఒక రోజంతా పట్టింది. దారం కట్టి చక్రాలు తిన్నగా పెట్టాడు, స్టీరింగు మధ్యకి తెచ్చాడు. బండి గీత గీసినట్టు పోయింది. కానీ ఆ పసుప్పచ్చ లైటు వెలిగింది. మీరు పంపారే, ఆ బొమ్మే.

మా మరిది కళ్ళకి అది శనిగ్రహంలా కనిపించింది. సాయిబుని ఇంటికి పిలిపించాడు.

"ఏందయ్యా ఇది? లేని జబ్బు అంటించావు నా బండికి?"

"జబ్బు కాదు బాబు గారూ. స్టీరింగు లోపల ఒక కన్నుంటది. చక్రాలు ఎటు తిరిగినయ్యో చూస్తా ఉంటది. సీట్ల మధ్యలో కింద ఇంకో కన్నుంటది. అది బండి ఎటు ఒరిగిందో చూస్తది. నేను చక్రాలు సరిచేసినాను గానీ, ఆ కళ్ళకి ఇంకా పాత లెక్కే గుర్తు. ఇదీ తిన్నగా అంటే అని వాటికి మళ్ళీ చెప్పాలి. ఆ మిషను నా దగ్గర లేదు. షోరూము వాళ్ళని పిలిపించండి."

"పిలిపిస్తా. ఇంకేం కావాల?"

"సమంగా ఉన్న నేల కావాలండి. నేల ఒరిగుంటే బండి ఆ ఒరగడాన్నే తిన్నగా అనుకుంటది. ఒకసారి అనుకుందంటే మనం చెప్పిందే దానికి వేదం. మా షెడ్డులో అయితే..."

"నీ షెడ్డులోనా?" మా మరిది నవ్వాడు. పక్కనే సిద్ధాంతి కూడా నవ్వాడు. "దక్షిణ ముఖం పాకలో నా బండికి బుర్ర బాగుచేయించాలా?"

ఆ పాక సంగతి మీకు చెప్పాలి. పైన రేకులు, చుట్టూ తడికలు. నేల మాత్రం సిమెంటు. ఆ నేల ఆయన చేత్తో వేసుకున్నది. తాపీ మేస్త్రుల దగ్గర ఉండే నీళ్ళ గొట్టం పెట్టి, ఇటు మట్టం అటు చూసుకుంటూ, గీకి మళ్ళీ పోసి, గీకి మళ్ళీ పోసి, రెండు వేసవులు పనిచేశాడు. దారం తిన్నగా ఉండాలంటే ముందు నేల తిన్నగా ఉండాలనేవాడు. బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయేవి. వాన వస్తే పాపం ఆయనే చీపురుతో బయటికి ఊడ్చుకునేవాడు. ఊరు మొత్తం మీద సమంగా ఉన్న చోటు అదొక్కటే. అది తడికల పాకలో ఉండటమే దాని దోషం.

హైదరాబాదు నుంచి షోరూము ఇంజనీరు వచ్చాడు. మెడలో టై, చంకలో లాప్‌టాపు. సిద్ధాంతి ముహూర్తం పెట్టాడు. బండిని తూర్పు ముఖంగా పోర్టికోలో నిలబెట్టారు.

"నేల లెవెల్‌గా ఉందా సార్?" అని ఇంజనీరు అడిగాడు.

"మార్బులు ఏసి ఉంటే లెవెలు కాదంటావేందయ్యా?" అన్నాడు మా మరిది.

ఇంజనీరు మార్బులు చూశాడు. దాని మెరుపు చూశాడు. నిజమే కాబోలు అనుకున్నాడు.

సాయిబు గేటు బయట నిలబడ్డాడు. నేను మంచినీళ్ళు తీసుకెళితే మెల్లగా అన్నాడు. "అమ్మా, ఆ నేల వాటం ఉంది గదమ్మా."

నాకు తెలుసు. రోజూ గ్లాసులు ఏరుకునేదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? "నాకేం తెలుసు సాయిబు గారూ" అన్నాను. నా గొంతు మొదట్నుంచీ చిన్నది. మీ తాతయ్య పోయాక ఇంకా చిన్నదయింది.

లోపల ఏవో మీటలు నొక్కారు. లైటు ఆరిపోయింది. కొబ్బరికాయ కొట్టారు. సిద్ధాంతి సాయిబు వైపు ఒక చూపు చూశాడు.

మర్నాడు మీ చిన్న తాతయ్య సిద్ధాంతిని ఎక్కించుకుని కోటప్పకొండకి బయల్దేరాడు. కొండ మీదికి మలుపుల రోడ్డు. మూడో మలుపులో తిప్పుతుంటే బండి ఉన్నట్టుండి ఒక పక్క చక్రానికి దానంతట అదే బ్రేకు వేసుకుంది. బండి పక్కకి గుంజింది. సిద్ధాంతి ఒళ్ళో పెట్టుకున్న మొక్కు కొబ్బరికాయ ఎగిరి ఆయన నుదుటికే కొట్టుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు, దేవుడి దయ. లైటు మళ్ళీ వెలిగింది. ఇద్దరూ సాయంత్రానికి షేరు ఆటోలో ఇల్లు చేరారు. సిద్ధాంతి నుదుటికి సరిగ్గా ఈశాన్యంలో బొప్పి కట్టింది.

"బండి మంచిదే. ఆ సాయిబు చెయ్యి పెట్టినప్పట్నుంచే ఇదంతా" అన్నాడు సిద్ధాంతి, తడిగుడ్డ అద్దుకుంటూ.

మా మరిదికి కావలసింది ఆ మాటే. సాయిబుని పిలిపించి నలుగురి ముందు చెప్పేశాడు. "ఇంజనీరు మళ్ళీ ఎల్లుండి వస్తన్నాడు. లైటు ఆరి, నా బండి నేను చెప్పినట్టు ఇన్నదా సరే. లేదంటే నీ పనే తేడా అని ఆయన చేతే రాయించి, నీ షెడ్డు పీకిస్తా. శుక్రవారం నువ్వు నమాజు నుంచి వచ్చేసరికి ఆడ రేకు ముక్క ఉండదు."

సాయిబు వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"రేకులు ఊడదీసుకుపోతానమ్మా, తడికలు మోసుకుపోతాను. నేల ఎట్టా తీసికెళ్ళను?"

 ఇంకో రెండు వేసవులు గొంతుక్కూర్చుని నేల గీకే వయసు కాదు ఆయనది. 

చెప్పిన రోజుకి ఇంజనీరు వచ్చాడు. మళ్ళీ అదే పోర్టికో, అదే తూర్పు ముఖం. ఈసారి సిద్ధాంతి దిష్టి తీయించి మరీ మొదలుపెడదామన్నాడు. నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టబోయాడు. మొదటిది పెట్టాడు. అది కాస్త ఆలోచించి, మెల్లగా దొర్లుకుంటూ తులసి కుండీ వైపు వెళ్ళిపోయింది. తెచ్చి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వెళ్ళిపోయింది.

"చూశారా! దోషం భయపడి ఈశాన్యానికి పారిపోతోంది" అన్నాడు సిద్ధాంతి. మా మరిది కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

గేటు దగ్గర సాయిబు ఆ నిమ్మకాయ వంక చూస్తున్నాడు, ఎడమ కన్ను మూసి. తర్వాత రెండు కళ్ళతో నా వంక చూశాడు.

"అమ్మా, ఇంట్లో ఇంకో నిమ్మకాయ ఉంటే ఇప్పిస్తారా?" అన్నాడు.

ఆ ఏడు పచ్చడి పెట్టడానికి బుట్టెడు కాయలు తెప్పించి ఉంచాను. లోపలికెళ్ళి బుట్ట మొత్తం తెచ్చాను. పోర్టికో మధ్యకి వచ్చి బోర్లించేశాను. చెయ్యి జారిందని చెప్పాను. జారలేదు.

ఆ దృశ్యం మీరు చూడాల్సింది. పచ్చకాయా పండుకాయా అన్నీ ఒక్కసారి కదిలాయి. కారు కింద నుంచి కొన్ని, సిద్ధాంతి కాళ్ళ మధ్య నుంచి కొన్ని, ఇంజనీరు బూట్లని తప్పించుకుంటూ కొన్ని, బడి విడిచిపెట్టినట్టు అన్నీ ఒకే దిక్కుకి పోయాయి. తులసి కుండీ చుట్టూ గుంపుగా చేరి ఆగాయి. ఒక్కటంటే ఒక్కటి దారి తప్పలేదు.



"ఇన్ని దోషాలా!" అన్నాడు మా మరిది.

"దోషం కాదు బాబు గారూ, వాటం" అన్నాడు సాయిబు.

ఇంజనీరు మొహం ఎర్రబడింది. కింద కూర్చుని అరచేత్తో మార్బులు తడిమాడు. "సార్, ఈ నేల ఒక పక్కకి వాలి ఉంది. మొన్న మనం బండికి ఈ వాలే తిన్నగా అని నేర్పించాం. రోడ్డు సమంగా ఉంటే దానికి ఒరిగినట్టుంది. మలుపులో పడిపోతున్నాననుకుని బ్రేకు వేసుకుంది" అన్నాడు.

"అంటే నా బండి తప్పు చెయ్యలేదంటావు?"

"లేదు సార్. మనం ఏది చెబితే అది నమ్మింది."

"సాయిబు పనిలో ఏవన్నా..." అని సిద్ధాంతి మొదలెట్టాడు.

"చక్రాలు పర్ఫెక్టుగా ఉన్నాయండి. నేను మొన్ననే చూశాను" అన్నాడు ఇంజనీరు. మరి మొన్ననే ఎందుకు చెప్పలేదో నేనూ అడగలేదు. చెప్పని వాళ్ళలో నేనూ ఒకదాన్నేగా.

బండిని షెడ్డుకి తీసుకెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను, నిమ్మకాయ పట్టుకుని. సాయిబు దాన్ని తీసుకుని నేల మధ్యలో పెట్టాడు. మేకు కొట్టినట్టు అది అక్కడే ఉండిపోయింది. ఇటు తిప్పి పెట్టాడు, అటు తిప్పి పెట్టాడు. ఉంది. ఇంజనీరు తన టై జేబులో దోపుకుని, "ఈ నేల ఎవరు వేశారు?" అన్నాడు. సాయిబు నోట్లో దారం ఉంది కనక జవాబు రాలేదు.

దారం కట్టి చక్రాలు మళ్ళీ ఒకసారి చూసుకున్నారు. బండిలోంచి అందర్నీ దింపారు, తలుపులు మూశారు. ఎవరూ బండిని తాకొద్దన్నారు. కంప్యూటరు ఏదో అడిగింది, ఇంజనీరు ఏదో చెప్పాడు. లైటు ఆరింది. అప్పటికప్పుడే కోటప్పకొండ ఎక్కి దిగొచ్చారు. మూడో మలుపులో బండి బుద్ధిగా తిరిగింది. సిద్ధాంతి మాత్రం ఆ ట్రిప్పుకి వెళ్ళలేదు.

తిరిగొచ్చాక మా మరిది నలుగురిలో సాయిబు భుజం తట్టాడు. "ఈ షెడ్డు జోలికి ఎవడన్నా వస్తే నేనున్నా. నువ్వు బతికినన్నాళ్ళూ నీదే" అన్నాడు. నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! కానీ మా ఇంట్లో ఏదీ అయిపోవలసిన చోట అయిపోదు.

వారం తిరక్కుండా సిద్ధాంతి బొప్పి తగ్గి మళ్ళీ వచ్చాడు. బండి షెడ్డులోనే ఎందుకు బాగుపడిందో శాస్త్ర ప్రకారం వివరించాడు. మిల్లుకి ఆ షెడ్డు వాయవ్యంలో ఉందట. వాయవ్యం వాహనాలకి మంచిదట. అందుకే లైటు ఆరిందట. "ఒక్కటే లోపం. ఆ నేలకి ఈశాన్యం పల్లం లేదు. అది కూడా ఉంటే ఆ సాయిబు దశ తిరిగిపోతుంది" అన్నాడు.

మా మరిది మనసు నిజంగానే కరిగింది. అది గుర్తుపెట్టుకోండి, ఆయన చెడు తలపెట్టలేదు. సాయిబు బంధువుల పెళ్ళికి చీరాల వెళ్ళి నాలుగు రోజులుంటాడని తెలిసి, తాపీ పనివాళ్ళని పురమాయించాడు. మా పోర్టికోకి పరిచాక మిగిలిన మార్బులు పెరట్లో ఉంటే అది కూడా పంపించాడు.

"సాయిబుకి చెప్పబాక వదినా. వచ్చి చూసి మతిపోవాల."

పలుగులతో ఆ నేల పగలగొడుతుంటే మా వంటింట్లోకి వినిపించింది. దెబ్బ దెబ్బకీ నాకు తెలుస్తూనే ఉంది. వెళ్ళి ఒక్క మాట చెబితే ఆగేది. వద్దు మరిదీ, ఆయనకి సమంగా ఉన్న నేలే అన్నం పెడుతుంది అంటే చాలు. చీరాలలో పెళ్ళివారి ఫోను నంబరు కూడా సాయిబు పక్కింట్లో దొరికేది. కానీ మొన్ననే బుట్టెడు నిమ్మకాయలు బోర్లించాను కదా. ఏడాదికి సరిపడా ధైర్యం ఒక్క పూటలో ఖర్చయిపోయినట్టు, చల్ల చిలుకుతూ కూర్చున్నాను. కవ్వం చప్పుడులో ఆ చప్పుడు వినపడదనుకున్నాను. వినపడింది.

సాయిబు వచ్చాడు. మా మరిది దగ్గరుండి చూపించాడు. తెల్లగా, అద్దంలా, ఈశాన్యానికి వాలి.

"ఎట్టా ఉంది?"

సాయిబు ఎడమ కన్ను మూశాడు. తర్వాత రెండోది కూడా మూశాడు. 

"చాలా బాగుంది బాబు గారూ. మెరుస్తా ఉంది" అన్నాడు.

నెల రోజులు చూశాడు. దారం కట్టడం, విప్పడం. చక్రాల కింద అట్టముక్కలు పెట్టడం, తీయడం. వచ్చిన బండ్లని పేటకి పంపించేయడం. తర్వాత ఒకరోజు పొద్దున రేకులూ తడికలూ ట్రాక్టరుకి ఎక్కించుకున్నాడు. ఒంగోలు అవతల కొత్తపట్నం రోడ్డులో చోటు చూసుకున్నానన్నాడు. మా మరిది ఆశ్చర్యపోయాడు. "మార్బులు ఏయించినా నిలవడు. ఈళ్ళకి ఎంత చేసినా ఇంతే" అన్నాడు.

నాకు చెప్పి వెళ్ళడానికి సాయిబు గుమ్మం దగ్గరికి వచ్చాడు. తప్పు నాదే అని చెబుదామనుకున్నాను. ఆ మాట కూడా రాలేదు. ఆయనే అన్నాడు, "ఒక నిమ్మకాయ ఇప్పించండమ్మా. కొత్త చోటు చూసుకోవాల గదా."

మంచిది ఏరి ఇచ్చాను. జేబులో వేసుకున్నాడు. లోపల గోడ మీద మీ తాతయ్య ఫోటో వంక ఒకసారి కన్ను మూసి చూసి, తిన్నగానే ఉందని తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఆ షెడ్డు చోట ఇప్పుడు మోటారు సైకిళ్ళు కడుగుతున్నారు. నీళ్ళు చక్కగా ఈశాన్యానికి పోతున్నాయని మీ చిన్న తాతయ్యకి ఇప్పటికీ గర్వం.

కాబట్టి రేపు ఆ మెకానిక్ వచ్చి లాప్‌టాపు తెరవకముందే, బండి నిలబెట్టిన చోట ఒక నిమ్మకాయ పెట్టండి. దొర్లితే, ఇక్కడ వద్దండీ, సమంగా ఉన్న చోటు చూద్దాం అనండి. అతను నవ్వుతాడు, పక్కింటివాళ్ళు చూస్తారు. నవ్వనివ్వండి. నేను ఎవరైనా ఏమైనా అనుకుంటారని ఊరుకున్నాను, ఒక మనిషి రెండు వేసవుల నేల పోయింది.

నిమ్మకాయ కదలకుండా నిలబడిన చోటు దొరికితే ఫోటో తీసి పంపించండి. లైటుది కాదు, నిమ్మకాయది.